మోడల్‌లో లేని గుంత: సైట్ సేఫ్టీకి బిమ్ మోడల్‌ను ఎలా వాడుకోవాలి

నేను హైదరాబాద్ కోకాపేట వైపు ఒక 30 అంతస్తుల టవర్ సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్‌ని. సివిల్ డిప్లొమా చేసి, పదేళ్లు షట్టరింగ్, స్టీలు పనుల మీద సూపర్‌వైజర్‌గా తిరిగి, తర్వాత సేఫ్టీ వైపు వచ్చాను. కంప్యూటర్‌లో నాకు బాగా వచ్చింది ఎక్సెల్ ఒక్కటే. కాబట్టి ఇది సాఫ్ట్‌వేర్ పాఠం అనుకోకండి. డిజైన్ వాళ్లు ఆఫీసులో చేసుకున్న బిమ్ మోడల్‌ను (బిల్డింగ్‌లోని ఒక్కో భాగం వివరాలతో కంప్యూటర్‌లో ఉండే త్రీడీ బొమ్మను) తీసుకుని, సైట్‌లో మనిషి పడకుండా చూసుకోవడానికి నేను ఎలా వాడుతున్నానో చెబుతాను.

ముందు ఒక ప్లై ముక్క సంగతి. 2019లో నేను వేరే సైట్‌లో ఉన్నాను. తొమ్మిదో అంతస్తులో ప్లంబింగ్ షాఫ్ట్ (పైపులు నిలువుగా పోయే సందు) కోసం స్లాబ్‌లో వదిలిన కటౌట్ మీద, అంటే గుంత మీద, 12 ఎంఎం ప్లై కప్పి ఉంచాం. మేకులు కొట్టలేదు. పై అంతస్తులో బీమ్ సైడుకి ప్లై తక్కువ పడితే షట్టరింగ్ కుర్రాళ్లు దాన్ని ఎత్తుకుపోయారు. సాయంత్రం ఆరు దాటింది, లైటు సరిగ్గా లేదు. నెత్తిన ఇసుక తట్టతో వస్తున్న కుర్రాడు ఆ కటౌట్‌లోకి దిగిపోయాడు. కింది అంతస్తులో పైపుల పనికోసం అదే షాఫ్ట్‌లో పలకలు కట్టి ఉండబట్టి అక్కడ ఆగాడు. తొడ ఎముక విరిగింది, ప్రాణం దక్కింది.

తర్వాత జరిగిన విచారణలో తిరిగి తిరిగి వచ్చిన ప్రశ్న ఒకటే: ఆ ప్లై ఎవరిది? షట్టరింగ్ కాంట్రాక్టర్ తనదే అన్నాడు, అది నిజం కూడా. కటౌట్ మీద మూత అనే ఐటమ్ బిల్లులో లేదు, ప్రోగ్రాంలో (ఏ పని ఏ తేదీకో రాసుకున్న పట్టికలో) లేదు, ఏ డ్రాయింగ్‌లోనూ లేదు. ఆ బిల్డింగ్‌కి త్రీడీ మోడల్ మాత్రం ఉంది. తెరిపించి చూశాను. ఆ షాఫ్ట్ చుట్టూ ఇటుక గోడ, గోడకు తలుపు, తలుపుకు గడియతో సహా అన్నీ ఉన్నాయి. మోడల్‌లో ఉన్నది కట్టడం అయిపోయిన బిల్డింగ్. కుర్రాడు పడింది సగం కట్టిన బిల్డింగ్‌లో.

నేను ఇక్కడ చెప్పేదంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది. మోడల్‌కి సగం కట్టిన బిల్డింగ్‌ను చూపించడం నేర్పాలి.

ఫైలు సంపాదించడం

మోడల్ మీ ఆఫీసులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆర్కిటెక్చర్ ఒకటి, స్ట్రక్చర్ ఒకటి, ఎంఈపీ (కరెంటు, ఏసీ, పైపుల పనులు) ఒకటి, మూడూ విడివిడిగా. మూడూ కలిపిన ఫైలు అడగండి. నావిస్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలిపి ఇస్తే, దాన్ని చూడటానికి నావిస్‌వర్క్స్ ఫ్రీడమ్ అనే వ్యూయర్ ఉచితంగా దొరుకుతుంది. లైసెన్సు కోసం మేనేజ్‌మెంట్ వెంట పడే పని లేదు. ఐఎఫ్‌సీ ఫైలు (వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో తెరవగల మోడల్ ఫైలు) ఇస్తే ఒక చిన్న చిక్కు ఉంది. ఐఎఫ్‌సీలో కటౌట్ అనేది విడిగా ఒక వస్తువుగానే ఉంటుంది, కానీ చాలా వ్యూయర్లు దాన్ని దాచేసి చూపిస్తాయి. సెట్టింగ్‌లోకి వెళ్లి ఓపెనింగ్స్ ఆన్ చేయించుకోండి. నాకు ఈ సంగతి తెలియడానికి రెండు వారాలు పట్టింది. అప్పటిదాకా మోడల్‌లో కటౌట్లే లేవని మోడలర్ అమ్మాయితో గొడవ పడుతున్నాను.

ఇంకో మాట. మోడలింగ్ తెలిసిన మనిషి వారానికి కనీసం రెండు గంటలు మీ పక్కన కూర్చోవాలి. ఇది ప్రాజెక్ట్ మేనేజర్ నోటితో చెప్పించాలి. లేకపోతే ప్రతిసారీ "డ్రాయింగ్ రివిజన్ ఉంది సార్, రేపు చూద్దాం" అన్న మాటే వస్తుంది. ఆ అమ్మాయి తప్పు కూడా కాదు, ఆమె పని ఆమెకు ఉంటుంది.

కటౌట్ల పట్టిక

మొదటి పని ఇదే. వేరే ఏదీ చేయలేకపోయినా ఇది ఒక్కటి చేయండి.

మా టవర్‌లో ఒక్కో అంతస్తుకు 11 కటౌట్లు: లిఫ్టులు నాలుగు, మెట్లు రెండు, ప్లంబింగ్ షాఫ్టులు మూడు, ఎలక్ట్రికల్ ఒకటి, ఫైర్ డక్ట్ ఒకటి. మాకు తొమ్మిది రోజులకో స్లాబ్ పడుతుంది. ఇటుక పని స్లాబ్‌కి ఏడు అంతస్తులు వెనక నడుస్తుంది. అంటే ఏ రోజు చూసినా సుమారు 77 గుంతలు నోరు తెరుచుకుని ఉంటాయి, ఒక్కోటి రెండు నెలల పైన. ఈ లెక్క మీటింగ్‌లో చెప్పేదాకా మా ప్లానింగ్ ఇంజనీర్ కూడా పదో పదిహేనో అనుకున్నాడు.

మోడల్ నుంచి కటౌట్లన్నిటినీ అంతస్తువారీగా ఎక్సెల్‌లోకి తీయించండి. రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోడల్ ఉంటే మోడలర్‌కి ఇది ఒక పూట పని. ఒక్కోదానికి నంబరు, సైజు, అంతస్తు ఉండాలి. ఆ తర్వాత మనం నాలుగు గడులు చేరుస్తాం: స్లాబ్ పడే తేదీ, మూత లేదా రైలింగ్ ఏ రకం, అది పెట్టాల్సింది ఎవరు, శాశ్వత గోడ వచ్చే తేదీ. ఈ నాలుగింటినీ ఎక్సెల్‌లో వదిలేయకుండా మోడల్‌లోనే ఆ వస్తువుకి తగిలించమనండి. క్లిక్ చేస్తే కనబడాలి. రిస్కుల సమాచారాన్ని ఇలా మోడల్‌తోనే పంచుకోవాలని బ్రిటన్ వాళ్లు 2018లో పాస్ 1192-6 అని ఒక పత్రమే తెచ్చారు. నేను దాన్నంతా పాటిస్తున్నానని చెప్పను, ఆలోచన మాత్రం అక్కడిదే.

చిన్న కటౌట్ల దగ్గర జాగ్రత్త. పైపు కోసం వదిలే 150 ఎంఎం స్లీవ్‌లో మనిషి పడడు, కానీ స్పానర్ పడుతుంది, కింద మనిషి ఉంటాడు. అడుగు బై అడుగు కటౌట్‌లో కాలు తొడ దాకా దిగుతుంది. ఇవి చాలాసార్లు మోడల్‌లో ఉండవు, ఎందుకంటే ఎంఈపీ కాంట్రాక్టర్ సైట్‌కి వచ్చాక కోర్ కటింగ్ (గట్టిపడిన కాంక్రీటుకు మిషన్‌తో రంధ్రం కొట్టడం) చేసి వేస్తాడు. అందుకని కోర్ కటింగ్ పర్మిట్ ఫారంలో నేను ఒక గడి పెట్టించాను: "మోడల్‌లో చేర్చారా?" అది నిండకపోతే నా సంతకం పడదు. మొదటి నెల తిట్టుకున్నారు. ఇప్పుడు అలవాటైంది.

మూత రకం విషయంలో నా అభిప్రాయం ఖచ్చితం. వదులుగా వేసిన ప్లైని మూతగా లెక్కపెట్టను. పెద్ద షాఫ్ట్ అయితే స్లాబ్ స్టీలునే జాలీలాగా కటౌట్ మీదుగా పోనిచ్చి, పైపులు వచ్చే రోజున కట్ చేయడం అన్నిటికన్నా మేలు. ఎవడూ ఎత్తుకుపోలేడు. అయితే స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒప్పుకోవాలి, అది స్లాబ్ పడకముందే అడగాలి. అంత ముందుగా అడగగలగడమే మోడల్ వల్ల వచ్చిన లాభం. చిన్నవాటికి ప్లైని యాంకర్ బోల్టులతో బిగించి, పసుపు రంగు వేసి, కటౌట్ నంబరు రాయిస్తాం. ఆ నంబరే మోడల్‌లో నంబరు. లిఫ్టు తలుపుల దగ్గర, స్లాబ్ అంచుల దగ్గర రైలింగ్. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) సేఫ్టీ కోడ్ కనీసం 90 సెంటీమీటర్లు అంటుంది. మేం 1.1 మీటర్లు పెడతాం, కింద కాలి దగ్గర పలక కూడా.

తేదీలతో కలపడం

నావిస్‌వర్క్స్‌లో టైమ్‌లైనర్ అనే భాగం ఉంది. ప్రైమవెరా లేదా ఎంఎస్ ప్రాజెక్ట్‌లో ఉన్న ప్రోగ్రాంను అందులోకి తెచ్చి, ఒక్కో పనికి మోడల్‌లోని వస్తువులను కలిపితే బిల్డింగ్ తేదీల ప్రకారం తెర మీద పెరుగుతుంది. దీన్నే ఫోర్‌డీ అంటున్నారు. అందులో ఒక్కో పనికి రకం ఎంచుకోవాలి: కన్‌స్ట్రక్ట్, డిమాలిష్, టెంపరరీ. ఈ మూడోదాన్ని చాలామంది ముట్టుకోరు. మనకు కావలసింది అదే. మూతలు, రైలింగ్‌లు, క్యాచ్ నెట్, పరంజా, హోయిస్ట్ (మనుషులు, సామాను పైకి పోయే తాత్కాలిక లిఫ్టు), మెటీరియల్ దించుకునే ప్లాట్‌ఫారం, అన్నీ టెంపరరీ కిందికే వస్తాయి. ఫలానా రోజు పుట్టి ఫలానా రోజు పోతాయి.

దీనికోసం 3,000 యాక్టివిటీలున్న ప్రోగ్రాంనంతా కలపాలని కూర్చుంటే ఏడాది పడుతుంది, ఈలోగా బిల్డింగ్ అయిపోతుంది. సేఫ్టీకి కావలసినవి స్లాబ్ పడటం, డీషట్టరింగ్ (షట్టరింగ్ ఊడదీయడం), ఇటుక పని, షాఫ్ట్ మూయడం, బిల్డింగ్ ముందు వైపు గ్లాసు పని. మాకు 200 లోపు వచ్చాయి. మోడల్‌లో సెట్ పేరు, ప్రోగ్రాంలో పని పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ తనంతట తానే కలుపుతుంది.

తర్వాత అసలు పట్టు ఉన్న పని. "12వ లెవల్ అంచు రైలింగ్" అనే యాక్టివిటీని ప్రోగ్రాంలో పెట్టించి, "12వ లెవల్ డీషట్టరింగ్" దాని తర్వాతే మొదలయ్యేలా లింకు వేయించండి. షట్టరింగ్ బయటి పలకలు ఉన్నంతసేపు స్లాబ్ అంచుకి ఏదో ఒక అడ్డం ఉంటుంది. అవి ఊడదీసిన గంటలోనే అంచు నగ్నంగా మిగులుతుంది. రైలింగ్ ఆలస్యమైతే డీషట్టరింగ్ ఆగుతుంది, డీషట్టరింగ్ ఆగితే పై స్లాబ్‌కి ప్లేట్లు ఉండవు, అప్పుడు ప్రాజెక్ట్ మేనేజరే రైలింగ్ పైపుల కోసం ఫోన్ చేస్తాడు. నేను పది మెయిళ్లు పెట్టినా జరగని పని ఆ ఒక్క లింకుతో జరిగింది.

క్రేన్: రాత్రి బొమ్మ

మా సైట్‌లో టవర్ క్రేన్లు రెండు. 60 మీటర్ల జిబ్ (క్రేన్ అడ్డంగా చాచే చేయి) ఉన్నది ఒకటి, 50 మీటర్లది ఒకటి. జిబ్ తిరిగే చోటంతా మోడల్‌లో పల్చటి రంగు పళ్లెంలా గీయించాం. కింద రోడ్డు, సైట్ ఆఫీసు, లేబర్ నడిచే దారి, గోడ అవతల 11 కేవీ లైను కూడా పెట్టించాం. పళ్లెం రోడ్డు మీదికి పోకుండా లిమిట్ స్విచ్ పెట్టి, ఆ ముక్క కోసేసి, బాగుందనుకున్నాం.

క్రేన్ ఆపరేటర్‌ను పిలిచి చూపించాను. అతను కాసేపు చూసి, "ఇది పగటి బొమ్మ సార్. రాత్రిది ఏది?" అన్నాడు.

పని అయిపోయాక టవర్ క్రేన్ స్లూ బ్రేక్ (జిబ్ తిరగకుండా పట్టి ఉంచేది) వదిలేసి దిగుతారు. జిబ్ గాలికి తనంతట తాను తిరగాలి, గాలికి ఎదురు నిలబడితే క్రేన్ మీదే భారం పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో సాయంత్రం వచ్చే గాలిదుమారం ఎలా ఉంటుందో మీకు తెలుసు. కాబట్టి రాత్రి పళ్లెం పూర్తి వృత్తం, దాని దారిలో ఏదీ తగలకూడదు. పూర్తి వృత్తం గీసి, పక్క ప్లాటులో లేస్తున్న టవర్‌ను కూడా ఒక మామూలు డబ్బాలా పెట్టి, పది రోజులకో అంతస్తు చొప్పున పెంచుతూ చూశాం. ఐదో నెలకు వాళ్ల స్లాబ్ మా జిబ్ ఎత్తు దాటింది. రెండు క్రేన్లలో పెద్దదాన్ని ఎత్తు పెంచే పని అనుకున్నదానికన్నా మూడు వారాల ముందే చేసేలా మార్చాం. పక్క సైట్ వాళ్లకు కూడా ఆ బొమ్మ ఇచ్చాం, వాళ్ల క్రేన్ మా మీదికి వచ్చే నెలలు అందులో కనబడుతున్నాయి మరి.

కరెంటు లైన్ల విషయంలో ఒక మాట. మోడల్‌లో లైను గీసేటప్పుడు స్తంభాల మధ్య తీగ కిందికి వేలాడే సంగతి మరవద్దు. తిన్నటి గీతలా గీస్తే ఉన్నదానికన్నా ఎక్కువ ఖాళీ కనబడుతుంది. బూమ్ పంప్ నిలబెట్టే చోటు మోడల్‌లో చూసి ఎంచుకోండి, దూరం ఎంత ఉండాలో విద్యుత్ శాఖ వాళ్లను అడిగి రాయించుకోండి.

సెంట్రింగ్

మామూలు అంతస్తుల్లో సెంట్రింగ్ చేసీ చేసీ చేయి తిరిగిన పని, అక్కడ మోడల్ పెద్దగా చెప్పేదేం ఉండదు. ప్రమాదమంతా తేడా ఉన్నచోట. మోడల్‌లో అంతస్తు ఎత్తు 4.5 మీటర్లు దాటినవాటికి ఒక రంగు, స్లాబ్ మందం 300 ఎంఎం దాటినవాటికి ఇంకో రంగు వేయించాను. ఈ అంకెలు మా సైట్‌కి మేం పెట్టుకున్నవి. మా లాబీలో రెండు రంగులూ ఒకేచోట పడ్డాయి.

లెక్క చూడండి. ఆర్‌సీసీ ఘనపు మీటరు 2,500 కేజీలు. 200 ఎంఎం స్లాబ్ అంటే చదరపు మీటరుకు 500 కేజీలు. మా లాబీ మీద ట్రాన్స్‌ఫర్ బీమ్ (పై స్తంభాల బరువు మోసే పెద్ద బీమ్) లోతు 1.2 మీటర్లు, అంటే 3,000 కేజీలు. పైన మనుషులు, పంప్ పైపు అదనం. మోడల్‌ను ఆ చోట నిలువుగా కోసి చూస్తే, జాకీలు నిలబడాల్సిన నేల కింద బేస్‌మెంట్ ర్యాంపు కోసం వదిలిన ఖాళీ ఉంది. రెండు వరసల కప్‌లాక్ (సెంట్రింగ్ కింద నిలబెట్టే పైపుల చట్రం) కాళ్లు గాల్లోనే ఆగేవి. ప్లాన్ షీట్లలో ఇది కనబడలేదు, ఎందుకంటే లాబీ ఒక షీటు, ర్యాంపు ఇంకో షీటు. ఐఎస్ 14687 (ఫాల్స్‌వర్క్ మీద భారత ప్రమాణం) చదివి ఫాల్స్‌వర్క్, అంటే కాంక్రీటును మోసే తాత్కాలిక ఆధారం, డిజైన్ చేయగల ఇంజనీర్‌కి ఆ కోత బొమ్మ పంపి, డ్రాయింగ్ వచ్చాకే పని మొదలుపెట్టాం.

బేస్‌మెంట్ తవ్వకం

మీరు ఇంకా తవ్వకంలోనే ఉంటే గుంతను కూడా మోడల్ చేయించండి, సర్వే పాయింట్లు ఉంటే పెద్ద పని కాదు. తవ్విన మట్టి అంచు నుంచి 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో ఉండాలని సీపీడబ్ల్యూడీ కోడ్ కందకాలకు చెబుతుంది. మా గుంత 14 మీటర్లు. సగమంటే ఏడు. అంచు చుట్టూ ఏడు మీటర్ల ఎర్ర పట్టీ గీస్తే, స్టీలు యార్డు సగం, ట్రాన్సిట్ మిక్సర్ల దారి అందులోనే పడ్డాయి. యార్డు మార్చాం. దారి మార్చడానికి చోటు లేదు. షోరింగ్ (గుంత పక్కలు కూలకుండా పెట్టే ఆధారం) డిజైన్ చేసినవాళ్లను అడిగి, ఎంత బరువు దాకా పర్వాలేదో కాగితం మీద తీసుకున్నాం.

గోడ మీద ఏ3 కాగితం

ఇంత చేశాక చాలా సైట్లలో ఒక వీడియో చేసి క్లయింట్‌కి చూపించి చప్పట్లు కొట్టించుకుంటారు. పని చేసేవాళ్లకు ఆ వీడియో అందదు. మా దగ్గర ఒడిశా, జార్ఖండ్, బీహార్ వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు, మా పాలమూరు వాళ్లు ఉన్నారు. చదవగలిగినవాళ్లు కూడా ఒకే భాష చదవరు.

సోమవారం ఉదయం టూల్‌బాక్స్ టాక్‌లో (పనికి ముందు సేఫ్టీ గురించి మాట్లాడుకునే చిన్న మీటింగ్‌లో) ఆ వారం పని జరిగే ఒక్కో అంతస్తుకు ఒక ఏ3 కలర్ ప్రింట్ ఇస్తాం. హోయిస్ట్ దిగే చోట గోడకు ఒకటి అంటిస్తాం. రంగులు మూడే: ఎరుపు గుంత, పసుపు మూత లేదా రైలింగ్, ఆకుపచ్చ నడిచే దారి. బొమ్మను హోయిస్ట్ దిగి నిలబడితే ఎలా కనబడుతుందో ఆ వైపు నుంచే తీయాలి. పైనుంచి తీసిన ప్లాన్ ఇంజనీర్లకు అర్థమవుతుంది, అందరికీ కాదు. మూలన తేదీ పెద్దగా ఉండాలి.

ఒక సోమవారం ఒడిశా మేస్త్రీ ఒకాయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, ఇందులో మెట్లు లేవు. 19కి మేం ఎటు నుంచి ఎక్కాలి?" అని హిందీలో అడిగాడు. నిజమే. మెట్లు వెనకబడ్డాయి, హోయిస్ట్ 17 దాకానే ఉంది. మధ్యలో వాళ్లు కప్‌లాక్ పైపులు పట్టుకుని ఎక్కుతున్నారు. మాలో ఎవరం అడగలేదు. ఆ రోజే నిచ్చెన టవర్ ఒకటి కట్టించి మోడల్‌లో పెట్టాం. అప్పటినుంచి ప్రతి వారం నేను మొదట చూసేది ఆకుపచ్చ గీత నేల నుంచి పై స్లాబ్ దాకా ఎక్కడా తెగకుండా ఉందా అని.

శుక్రవారం ఆ ప్రింట్లే పట్టుకుని నేనూ ఫోర్‌మన్ పైనుంచి కిందికి నడుస్తాం. ఉన్నదానికి టిక్కు, లేనిదానికి సున్నా. శనివారం మధ్యాహ్నానికి మోడల్ సరిచేయాలి. సరిచేయలేని వారం పాత కాగితాలు గోడ నుంచి చింపేస్తాం. మూత ఉందని బొమ్మ చెప్పి, అక్కడ లేకపోతే, బొమ్మ లేకపోవడమే నయం.

బెల్టు వేసుకుని కొక్కెం తగిలించకపోవడం, తడి నేల మీద వైరు జాయింట్లు, రాత్రి రెండో షిఫ్టు అలసట, ఇవేవీ మోడల్‌లో కనబడవు. వాటికి మనం తిరగాల్సిందే.

మోడల్ లేని చిన్న బిల్డింగ్ అయితే

జీ+5 అపార్ట్‌మెంట్ కట్టే బిల్డర్లు నన్ను అడుగుతుంటారు, మాకు మోడలూ లేదు, మోడలరూ లేడు కదా అని. బిల్డింగ్ మొత్తం మోడల్ చేయక్కర్లేదు. స్కెచప్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రాడికి స్లాబ్ డ్రాయింగ్‌లు ఇచ్చి, స్లాబ్‌లు, కటౌట్లు, మెట్లు, బాల్కనీ అంచులు మాత్రమే గీయమనండి. గోడలు వద్దు, తలుపులు వద్దు, రంగులు వద్దు. రెండు రోజుల పని. గోడలు లేని ఆ బొమ్మను అంతస్తువారీగా ప్రింట్ తీసి, లిఫ్టు గుంత దగ్గర మొదలుపెట్టి ఒక్కోదానికి నంబరు వేయండి. ఆ నంబర్లతోనే మూతలకు కొలతలు రాసి వెల్డర్‌కి ఇచ్చేయండి. బిల్లులో "కటౌట్ మూతలు" అని విడిగా ఒక లైను రాయించడం మాత్రం మరవద్దు. ఆ లైను ఉంటే ప్లై ఎవరిదని అడిగే పని ఉండదు.